మూతపడేదాకా ఆగకుండా జేగురుపాడులో సభ పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని జేగురుపాడు, వేమగిరి, విజ్జేశ్వరం, సామర్లకోటల్లో విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. ఆ బేసిన్‌లో సముద్రం అడుగున ఉన్న డీ6 క్షేత్రంలో 2009లో మొదలైన గ్యాస్ ఉత్పత్తి మూడు నాలుగేళ్లలోనే బాగా పడిపోయి, 2013 మార్చి నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాస్ ఆగిపోయింది. పగటిపూట సౌరవిద్యుత్తు చౌకగా దొరుకుతున్న ఈ రోజుల్లో, ఈ కేంద్రాలు మూతపడితే ఆ స్థలాలను ఏం చేస్తారన్నది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న.

జేగురుపాడు మొదటి దశ కేంద్రం సామర్థ్యం 216 మెగావాట్లు. దానిని 2016లో ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) కొన్నాయి, అంటే అది ప్రజల సొమ్ము. చాలామంది అక్కడి భూమి విలువే లెక్కకడతారు గానీ, అసలు విలువ కేంద్రాన్ని కరెంటు లైన్లతో కలిపే స్విచ్‌యార్డుది, నర్సరీ మడుల మీదుగా సాగిపోయే ఆ టవర్ల లైన్లది. అలాంటి లైను కొత్తగా వేయాలంటే దారి హక్కుల కోసం ఎన్ని తోటల రైతులను ఒప్పించాలో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. ఆ స్విచ్‌యార్డు పక్కనే బ్యాటరీలు పెడితే మధ్యాహ్నం మిగిలిన సౌరవిద్యుత్తును దాచి, దీపాలు పెట్టే వేళకు ఇవ్వవచ్చు. ఉన్న జనరేటరును తగిన మార్పులతో, గ్యాస్ మండించకుండానే తిప్పుతూ గ్రిడ్ వోల్టేజీ నిలకడకు వాడుకునే పద్ధతి కూడా ఉంది. యంత్రాలను తుక్కు కింద అమ్మేశాక ఆ దారి మూసుకుపోతుంది.

మా పక్క ఊళ్లో మూతపడిన ఒక మిల్లు గతి చూసినవాడిని కనుక ఇంత తొందరపడుతున్నాను. ముందు ఇనుము పోయింది, తరువాత స్థలం ప్లాట్లయింది, మురుగుకాలువ పూడ్చేశారు, ఇప్పుడు నాలుగు చినుకులు పడితే మోకాలిలోతు నీళ్లు.

ఇంగ్లండులో రాట్‌క్లిఫ్ బొగ్గు కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగిపోయింది. ఆ స్థలంలో ఏమేమి రావచ్చో అక్కడి రష్‌క్లిఫ్ స్థానిక మండలి 2023లోనే ఉత్తర్వు చేసి పెట్టుకుంది. మన పంచాయతీలకు ఆ అధికారం లేకపోయినా, జిల్లా యంత్రాంగం గ్రామసభ పిలవడానికి అడ్డేమీ లేదు.

ఆ సభ ముందు సర్వే నంబర్లతో భూముల వివరం, నూనెలు, రసాయనాలు నిల్వ చేసిన చోట మట్టి పరీక్షల ఫలితాలు, కేంద్రం వాడకం ఆగితే మిగిలే నీటిని ఎవరికిస్తారన్న సమాధానం పెట్టాలి. కాంట్రాక్టు కార్మికులకు కొత్త పనిలో శిక్షణ ఎప్పటి నుంచో కూడా చెప్పాలి. పొద్దున పదింటికి సభ పెడితే కడియం నర్సరీల్లో మట్టి కవర్లు నింపే ఆడకూలీలు ఒక్కరూ రాలేరు కనుక, దయచేసి సాయంత్రం పెట్టవలసిందిగా కోరుతున్నాను.

— ఒక నర్సరీ రైతు, కడియం మండలం