మా వీధిని ఇళ్ల వీధిగానే ఉండనివ్వండి

పట్టణ ప్రణాళిక అధికారి గారికి, నమస్కారం.

మా వీధిని నివాస జోన్ నుంచి లాడ్జీలు కట్టుకునే వీలుండే వాణిజ్య జోన్‌కు మారుస్తారని విని రాస్తున్నాం. తిరుపతికి వచ్చే భక్తులకు గదులు కావాలి, కాదనం. కానీ మాది 20 అడుగుల రోడ్డు. మొన్న ఒక టెంపో ట్రావెలర్ అడ్డంగా ఇరుక్కుంటే, ఆయాసంతో ఉన్న ఎదురింటి పెద్దాయన ఆటోలోనే అరగంట కూర్చున్నారు. ఆస్పత్రికి దారి లేదు.

ఇక నీళ్లు. కళ్యాణి డ్యాం, తెలుగుగంగ ఉన్నా ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెడుతున్నాం. పక్కనే 40 గదుల లాడ్జికి బోరు వేస్తే మా బోర్ల గతేంటి?

ఏ స్థలం దేనికో చెప్పే మాస్టర్ ప్లాన్‌ను మార్చే ముందు జనం అభ్యంతరాలు వినాలి కదా. అభ్యంతరాలు చెప్పమనే ఆ నోటీసు పేపర్లో ఓ మూల వేసి సరిపెట్టకండి. మా వీధి మొదట్లోని రాములవారి గుడి దగ్గర, తెలుగులో అంటించండి. ఒక సాయంత్రం మీరే వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూడండి.

ఇట్లు,
వీధి నివాసులు, తిరుపతి