గండిపేట పాఠం

మలక్‌పేట,
ఆదివారం

బిడ్డా,

నువ్వు పంపిన క్లాసు వీడియో రెండుసార్లు చూశాను. మీ అమ్మ నీ చీర కోసం మూడుసార్లు చూసింది. పాఠం బాగానే చెప్పావు గానీ, "అర్థమైందా?" అని పదకొండుసార్లు అడిగావు. పదకొండుసార్లూ "అయ్యింది మేడమ్" అని అందరూ ఒకే రాగం తీశారు. అర్థంకాని వాడూ అదే అంటాడు, గొంతు కలపకపోతే దొరికిపోతాడు కదా!

1908లో హైదరాబాద్‌ని ముంచిన మూసీ వరద తర్వాత గండిపేట చెరువు ఎందుకు కట్టారని అడిగావు. మూడో బెంచీ పిల్ల "మళ్లీ వరద రాకుండా మేడమ్" అంది. "వెరీ గుడ్" అనేసి నువ్వు పాఠంలో తర్వాతి చెరువు హిమాయత్‌సాగర్‌కి వెళ్లిపోయావు. ఆ పిల్ల చెప్పింది నోట్సులో ముక్కే. చెరువు కడితే వరద ఎలా తగ్గుతుందో తనకు తెలుసో లేదో మనకెలా తెలుస్తుంది?

ఒక ఏడాది ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుంటే నాకూ ఇదే జవాబు వచ్చింది. "మూసీకి నీళ్లు ఎటునుంచి వస్తాయి?" అన్నాను. "అనంతగిరి గుట్టల నుంచి సార్." "గండిపేట సిటీకి ఎగువనా, దిగువనా?" "ఎగువన." "సరే, పెద్ద వాన పడేసరికే చెరువు నిండి ఉంటే?"

ఎవరూ మాట్లాడలేదు. చెప్పేద్దామని నాకే నోరు దురదపెట్టింది. చాక్‌పీసు నలుపుతూ ఆగాను. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ పిల్లాడు లేచి, "మా ఇంట్లో సంపు నిండితే నీళ్లు రోడ్డు మీదికే పోతాయి సార్. వానకి ముందే కొంచెం ఖాళీ చేయాలి" అన్నాడు. గేట్లు ముందే ఎందుకు ఎత్తుతారో నేను చెప్పే పని లేకుండా పోయింది.

టీచర్లు ప్రశ్న అడిగాక ఒక సెకనుకు మించి ఆగడం లేదని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలోనే గమనించింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయట, మాట్లాడని పిల్లలూ మాట్లాడతారట. జవాబు వచ్చాక కూడా అలాగే ఆగమంటుంది. నీ వీడియోకి వాచీ పెట్టి చూశాను. నేను ఒకటి లెక్కపెట్టేలోపే జవాబు నువ్వే అందించేస్తున్నావు.

అలాగని నిలదీయకు. కొత్తలో నేను ఒక పిల్లను "ఎందుకు? ఎందుకు?" అని పోలీసులా అడిగి ఏడిపించాను. ఆ ఏడాదంతా మళ్లీ చెయ్యెత్తలేదు. నిజానికి తను చెప్పింది కరెక్టే. తప్పు చెబితేనే సార్ మళ్లీ అడుగుతాడని పిల్లలకు అలవాటు చేసింది నేనే. ఆ తర్వాత నుంచి సరైన జవాబుకూ "నీకు అలా ఎందుకు అనిపించింది?" అని నిదానంగా అడిగేవాణ్ణి. పక్కవాడిని "నువ్వు ఒప్పుకుంటావా?" అనేవాణ్ణి.

సిలబస్ టెన్షన్ నాకు తెలియంది కాదు. ప్రతి జవాబునీ తవ్వుతూ కూర్చోకు, పీరియడ్‌కి రెండు చాలు.

వచ్చే వారం వీడియో తీసేటప్పుడు ఫోన్ పిల్లల వైపు తిప్పి పెట్టు. చీర కనబడలేదని మీ అమ్మ గొడవ చేస్తే నేను చూసుకుంటాను.

నాన్న