ఆర్కే బీచ్‌లో మా గుర్రం నొప్పిని కనిపెట్టిన పెద్దాయనకు కృతజ్ఞతలు

గత నెలలో ఒక సాయంత్రం, విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లలను ఎక్కించుకొని తిరిగే మా గుర్రం, జీను పట్టీ బిగించగానే చెవులు వెనక్కి వాల్చి కరవబోతే, నేను దానిని పొగరనుకొని కళ్ళెం గుంజాను. అటుగా నడిచి వెళ్తున్న మీరు ఆగి, "పొగరు కాదు బాబూ, నొప్పి" అంటూ బిగుసుకున్న ముక్కుపుటాలను, కంటిపైన పడిన ముడతను చూపించారు. జీను దింపించి, మూపు వెనుక అరచేతిని బరువు మోపకుండా ఆనించి, కండరం ఉలిక్కిపడిన చోటనే ఆగి, అది వదులయ్యే వరకు చేయి తీయలేదు. కాసేపటికి గుర్రం తల దించి, పెదవులు నాక్కొని, వరుసగా ఆవులించింది. (ఆవులింత అంటే నిద్రేనని ఇన్నేళ్ళూ అనుకున్నాను!) జీను కింది గుడ్డలో గడ్డకట్టిన ఇసుకను కూడా మీరే దులిపారు. పశువైద్యునికి చూపించమని చెప్పి, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయారు. మరునాడే చూపించాను, వారం రోజులు జీను వేయలేదు. పేరైనా అడగని నా తరఫున మీకు నమస్కారాలు.