చాయిస్‌లో వదిలేస్తావంట!

కావలి,
ఆదివారం

అబ్బయ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగుండావనే అనుకుంటున్నా. నెయ్యి కాచిపెట్టా, కందిపొడి కొట్టించా. బాబాయి బుధవారం నెల్లూరు వస్తున్నాడు, తెచ్చిస్తాడు. చిన్నత్త ఏందో చెప్పింది, ఆర్గానిక్ కెమిస్ట్రీ మొత్తం చాయిస్‌లో వదిలేస్తానన్నావని. నేను నమ్మలేదు. అడుగుదామంటే నువ్వు ఫోన్ ఎత్తలా. సరే, ఈ ఉత్తరం దాని గురించి కాదులే.

మామ సంగతి విను. ఉలవపాడు తోటలో మామిడికాయ ఈసారి ముందే కోశాడు. ధర ఉండగానే అమ్ముకోవాలని, ఎవరో చెబితే గంపకో కార్బైడ్ పొట్లం పెట్టబోయాడు. కాల్షియం కార్బైడ్‌కి చెమ్మ తగిలితే ఎసిటిలీన్ పుడుతుంది. ఆల్కైన్లలో మొదటిది, కార్బన్ల మధ్య మూడు బంధాలు. కాయను నిజంగా మాగేసేది రెండు బంధాల ఎథిలీన్, అది కాయలోనే పుడుతుంది. ఎసిటిలీన్ కూడా ఆ పని చేస్తుంది గానీ నీరసంగా. తోలు పసుపెక్కుతుంది, టెంక దగ్గర పులుపు అట్టనే ఉంటుంది. పైగా బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి, అందుకే దాన్ని నిషేధించారు. నాన్న పోయి పొట్లాలన్నీ తీయించి, ఎథిలీన్ గది ఉన్న వ్యాపారి దగ్గరికి కాయ తోలించాడు. ఆ గదిలో గ్యాసు పది లక్షల పాళ్లకు 100 పాళ్లు దాటకూడదు. కాయ వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే ఎథిలీన్ పనిచెయ్యదు, కాబట్టి మధ్యమధ్యలో తలుపు తీసి గాలాడించాలి. మామ మాత్రం ఇప్పటికీ రెండూ ఒకటే పొగ అంటాడు. ఒక్క బంధం తేడా అని ఆయనకు చెప్పి ఒప్పించలేం. నీకు చెప్పొచ్చు. ఈఏపీసెట్‌లో (మన పాత ఎంసెట్టే) చాయిస్ అనేదే ఉండదని కూడా చెప్పొచ్చు.

ఆర్గానిక్ అంటే భయం ఎందుకొస్తుందంటే, ఆల్కహాల్‌లు, ఆల్డిహైడ్‌లు అంటూ ఒక్కో కుటుంబాన్ని విడిగా బట్టీ పడతారు. అట్టా చెయ్యొద్దు. తెల్లకాగితం అడ్డంగా పెట్టి నడిమధ్యలో ఇథనాల్ రాయి. ఎడమకు ఇథీన్, అంటే ఇందాకటి ఎథిలీనే. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 170 డిగ్రీల దగ్గర అది వస్తుంది. 140 దగ్గరే నిలిపి ఆల్కహాల్ ఎక్కువ పోస్తే వచ్చేది డైఇథైల్ ఈథర్. పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఈ ఉష్ణోగ్రత దగ్గరే. కుడికి ఎసిటాల్డిహైడ్, దాని పక్కన ఎసిటిక్ ఆమ్లం. పర్మాంగనేట్ వాడితే తిన్నగా ఆమ్లం దాకా పోతుంది, పిసిసి (పిరిడినియం క్లోరోక్రోమేట్) వాడితే ఆల్డిహైడ్ దగ్గర ఆగుతుంది. ఎందుకు ఆగుతుంది? ముందుకు పోవాలంటే ఆల్డిహైడ్ నీటితో కలిసి హైడ్రేట్ కావాలి. పిసిసి చర్య నీళ్లు లేని డైక్లోరోమీథేన్‌లో చేస్తారు. ఇది తెలిస్తే బట్టీ అక్కర్లేదు. కింద ఆల్కైల్ హాలైడ్ రాసుకో. నీళ్లలో కలిపిన పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) అయితే ఆల్కహాల్, ఆల్కహాల్‌లో కలిపిన పొటాష్ అయితే ఆల్కీన్. ఆమ్లాన్నీ ఆల్కహాల్‌నీ కలిపి, నాలుగు చుక్కలు గాఢ సల్ఫ్యూరిక్ వేసి వేడిచేస్తే ఎస్టర్, పండ్ల వాసన. కీటోన్ సంగతి నువ్వే చూసుకో, సెకండరీ ఆల్కహాల్ నుంచి రావాలని గుర్తుంటే చాలు.

పేర్లు పెట్టేటప్పుడు గీత ఎటు వంగిందని చూడొద్దు, కార్బన్ల పొడవైన గొలుసు లెక్కపెట్టు. 2-ఇథైల్ బ్యూటేన్ అని రాశావంటే అది 3-మిథైల్ పెంటేన్.

మెస్‌లో చేపల పులుసు నీచు వాసనని తినడం లేదంట. ఇది కూడా అత్త చెప్పిందే. ఆ వాసన ట్రైమిథైల్ అమీన్‌ది. అమీన్లు క్షారాలు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని లవణంగా మార్చేస్తుంది, లవణం ఆవిరి కాదు, వాసన రాదు. వాసనొస్తుందంటే మీ వంటాయన పులుపు తక్కువ పోస్తున్నాడు. నిమ్మకాయ అడిగి పిండుకో, పస్తు మాత్రం ఉండొద్దు.

ప్రాక్టికల్స్‌లో టోలెన్స్ పరీక్ష (ఆల్డిహైడ్ ఉంటే నాళిక లోపల వెండి అద్దం కట్టేది) వస్తే తొందరపడొద్దు. పరీక్షనాళికను నైట్రిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడుగు. జిడ్డుంటే అద్దం రాదు, నల్లపొడి దిగుతుంది. రెండు మిల్లీలీటర్ల సిల్వర్ నైట్రేట్‌లో ఒక్క చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వెయ్యి, గోధుమరంగు మడ్డి వస్తుంది. అది కరిగేదాకా అమ్మోనియా చుక్కచుక్కగా పోసి, కరగ్గానే ఆపెయ్. ఎక్కువైతే పరీక్ష మొద్దుబారుతుంది. ఆల్డిహైడ్ వేసి 60 డిగ్రీల నీళ్లలో కదపకుండా నిలబెట్టు, మంట మీద పెట్టొద్దు. మిగిలింది దాచావంటే పేలే పదార్థం తయారవుతుంది, అప్పటికప్పుడే సజల నైట్రిక్ ఆమ్లం పోసి పారబొయ్యి. కళ్లద్దాలు పెట్టుకో. చేతికి నల్లమచ్చలైతే బెంబేలెత్తొద్దు, అది వెండే, కొన్నాళ్లకు పోతాయి.

చెప్పొద్దనుకుంటూనే పాఠం మొదలెట్టా. పెరుగన్నం తింటున్నావా? దుప్పటి ఉతికించావా?

ఒక్క పని చెయ్. సి4హెచ్10ఓ అనే ఫార్ములాకి నిర్మాణ ఐసోమర్లన్నీ (అవే పరమాణువులు, వేరే అమరిక) గీసి, బాబాయి ఫోన్‌తో ఫోటో తీసి బుధవారమే పంపించు. ఏడు రావాలి. నాలుగు ఆల్కహాల్‌లు, మూడు ఈథర్లు. ఆరే వస్తే ఐసోప్రొపైల్ ఉన్న ఈథర్ మర్చిపోయావన్నమాట. ఒక్కటీ రాకపోయినా ఖాళీ కాగితమైనా పంపు. నెయ్యి సీసా ఖాళీ అయ్యాక పారెయ్యకు, అది అమ్మమ్మది.

మీ అమ్మ