సిరొంచకు (మహారాష్ట్ర) ఉత్తరం: మార్కులు తక్కువైనప్పుడు కాగితాలు గట్టిగ ఉండాలె

ఒరే రాజన్నా,

బిడ్డకు డాక్టరు చదువుల ఎంట్రెన్స్ నీట్‌ల 720కి 287 వచ్చినయని, ఇంట్ల ఎవరూ సరిగ్గ తింటలేరని రాసినవు. ముందుగాల అందరు తినుండ్రి. ముంగట పని చానా ఉన్నది.

2025ల జనరల్ కటాఫ్ 144, ఓబీసీలకు 113. మన దిక్కు జనం ఇక్కడ్నే మోసపోతరు. క్వాలిఫై అయిందంటే కౌన్సెలింగ్‌ల పేరు రాయించుకునే హక్కు వచ్చింది, అంతే. 287కు సర్కారు ఎంబీబీఎస్ రాదు. ఈ మాట బిడ్డకు దాచకుండ ఇయ్యాల్నే చెప్పు. రేపటికి నానబెడితే ఇంకా నొప్పైతది.

పాత మార్కులతోని పోల్చి బేజారు కాకు. 2024ల 720కి 720 తెచ్చుకున్న పిల్లలున్నరు, 2025ల పేపరు గట్టిగొచ్చి ఫస్టు ర్యాంకుకే 686. అందుకని చూడాల్సింది ర్యాంకు. పోయినేడు ప్రతి కాలేజీల మీ కేటగిరీ ఆడపిల్లలకు సీటు ఏ ర్యాంకు కాడ ఆగిందో సీఈటీ సెల్ (మహారాష్ట్రల సీట్లు పంచే సర్కారు ఆఫీసు) జాబితాలు చూసి ఒక నోటుబుక్కుల రాసుకో. బీడీఎస్ (పండ్ల డాక్టరు), బీఏఎంఎస్ (ఆయుర్వేదం), బీహెచ్ఎంఎస్ (హోమియో) కూడ రాయి. వాటికీ నీట్ ర్యాంకే. బీఏఎంఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేండ్లు, ఎంబీబీఎస్ గూడ అంతే.

ఇగ అసలు సంగతి. మీది ఓబీసీ గద, కులం సర్టిఫికెట్ ఒక్కటి చాలదు. క్యాస్ట్ వ్యాలిడిటీ, అంటే ఆ కులం నిజమేనని కమిటీ పరిశీలించి ఇచ్చే కాగితం కావాలె. వచ్చే మార్చి 31 దాకా చెల్లే నాన్ క్రీమీలేయర్ (ఓబీసీల్ల ఉన్నోళ్ల లెక్కకు రారని చెప్పే సర్టిఫికెట్) కావాలె. వ్యాలిడిటీ లేకుంటె బిడ్డను ఓపెన్‌ల లెక్కేస్తరు, ఉన్న కొంచెం ఆసరా గూడ పోతది. ఓబీసీలకు 1967 అక్టోబరు 13కు ముందటి రుజువు అడుగుతరు: మీ తాత స్కూలు దాఖ్లా, పాత భూమి కాగితం, కులం రాసి ఉన్నది ఏదైనా. మన తెలుగోళ్లకు చిక్కంతా పేర్ల కాడ వస్తది. ఒక కాగితంల ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్ల వెనుక, మరాఠీల రాసినోడు ఒత్తు మింగేసిండు. గట్ల తేడా ఉంటె ముందే అఫిడవిట్ చేయించు. మీ అన్నదమ్ముల పిల్లల్ల ఎవరికన్న వ్యాలిడిటీ వచ్చి ఉంటె ఆ నకలు జత చెయ్యి, పని చానా తేలికైతది. తల్లి దిక్కు చుట్టాలది నడవదు. నెలలు పడుతది గనుక సీటు వచ్చినంక చూద్దామనుకోకు.

ఒక మంచి మాట కూడ ఉన్నది. 2024 జులై నుంచి ఓబీసీ, ఎస్ఈబీసీ (మరాఠాల కోటా), ఈడబ్ల్యూఎస్ (ఓపెన్‌ల పేదోళ్ల కోటా) ఆడపిల్లలకు, ఇంటి ఆదాయం 8 లక్షలు దాటకుంటె, రాష్ట్ర క్యాప్ (సర్కారు కౌన్సెలింగ్) రౌండ్లల్ల వచ్చిన సీటుకు ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. ప్రైవేటు కాలేజీలకు గూడ. డీమ్డ్ యూనివర్సిటీ కాలేజీలకు లేదు, మేనేజ్‌మెంటు సీటుకు లేదు. హాస్టలు, మెస్సు నువ్వే కట్టాలె.

కాలేజీల వరుస రాసేటప్పుడు ఇది వస్తదా రాదా అని చూడకు. బిడ్డకు నిజంగ ఏది కావాల్నో అదే మీద రాయి. మీదిది దొరకకుంటె యంత్రం తానే కిందికి పోతది, మీద రాసినందుకు నష్టం లేదు. వద్దనుకున్నది మాత్రం రాయొద్దు. సీటు వచ్చినంక స్టేటస్ రిటెన్షన్ ఫారం ఇస్తరు. దానిమీద సంతకం పెడితే ఇదే సీటు ఖాయం, తర్వాతి రౌండ్లల్ల మెరుగు సీటుకు పేరు పరిశీలించరు. తొందర్ల పెట్టించకు.

పైసలిస్తె సీటిప్పిస్త అని ఎవడన్న వస్తే గడప దాటనియ్యకు. ఎంబీబీఎస్ సీటు ఎక్కడైనా కౌన్సెలింగ్ నుంచే. విదేశం సంగతి అడిగినవు: చదువు 54 నెలలకు తక్కువుండొద్దు, ఇంగ్లీషుల ఉండాలె, ఆ కాలేజీల్నే 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలె. వచ్చినంక 300 మార్కుల పరీక్షల 150 తెచ్చుకోవాలె. మొదటి మూడూ రాసి ఇయ్యనోని మాట నమ్మకు.

బిడ్డ నీట్ మల్ల రాస్త అంటే రాయనియ్యి, వయసు హద్దు లేదు, ఎన్నిసార్లన్న రాయొచ్చు. గని ముందు ఈసారి పేపరు ముంగటేసుకొని తప్పులు లెక్కపెట్టుండ్రి. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత గనుక 70 ఒప్పు, 50 తప్పు అయితే 230. ఆ తప్పుల్ల తెలిసీ తెలియకుండ పెట్టిన 30 వదిలేస్తె 260. బయాలజీ ఒక్కటే 360 మార్కులు, అండ్ల 250 దాటకుంటె ఎన్‌సీఈఆర్‌టీ వరుస వరుస మల్ల చదవాలె. కోచింగ్ ఫీజు గురించి ఆ తర్వాత ఆలోచిద్దాం.

చివరికి చిన్నోని ముచ్చట. పది అయింది, గోదారి దాటించి హన్మకొండల ఇంటర్ చేర్పిస్త అన్నవు. గడ్చిరోలి కన్న అదే దగ్గర, నిజమే. గని మహారాష్ట్ర 85 శాతం సీట్లకు డొమిసైల్ (ఈ రాష్ట్రంల ఉంటున్నట్టు సర్టిఫికెట్)తో పాటు పది, పన్నెండు రెండూ ఇక్కడ్నే పాసై ఉండాలె. తెలంగాణల లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్‌తో కలిపి వరుసగ నాలుగేండ్లు అక్కడ చదవాలె. రెండేండ్ల ఇంటర్‌తోని పిల్లగాడు రెంటికి చెడ్డ రేవడి అయితడు, సర్కారు కాలేజీలల్ల ముఖ్యంగ మిగిలేది దేశం మొత్తానికి పెట్టిన 15 శాతం కోటా. చేర్పించకముందే ఆపు. పదకొండుకు సిరొంచల్నో అహేరిల్నో పేరు రాయించి, వ్యాలిడిటీకి వాని దరఖాస్తు గూడ బిడ్డదానితోనే పెట్టు.

నీ దోస్తు