వయసు పదిసార్లు చూస్తారు, ఒళ్లు ఒక్కసారీ చూడరు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో, కబడ్డీ పోటీలకు వెళ్లొచ్చిన పిల్లలకు ఒంటి మీద మచ్చలు, దురదలు వస్తున్నాయని ఓ మూలన చిన్న వార్త వేశారు. వేసినందుకు సంతోషం. కానీ చివర్లో ఎవరో అధికారి "ఎండకు, చెమటకు వచ్చిన దద్దుర్లే, ఆందోళన అక్కర్లేదు" అన్నారని రాసి వదిలేశారు. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు మనసున పట్టడం లేదు. నేను హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైనవాణ్ని. చెమటకాయ ఏదో, తామర ఏదో చెప్పడానికి పెద్ద చదువు అవసరం లేదు. గుండ్రంగా తిరిగి, అంచు ఎర్రగా ఉబ్బి పొలుసు లేచి, నడుమ మానినట్టు కనిపిస్తే అది తామర. ఒకరి ఒంటి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. దాన్ని ఎండ మీదికి నెట్టేస్తే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు కాబట్టి ఆ మాట సులువుగా వస్తుంది.

మా మనవరాలు ఎనిమిదో తరగతి. మండల పోటీల నుంచి వచ్చిన రెండో వారంలో తొడ మీద మచ్చ తేలింది. జోనల్ జట్టులోంచి తీసేస్తారని ట్రాక్ ప్యాంటు కింద దాచుకుంది. మేము చూసేసరికి అది నడుము దాకా పాకింది. ఆమె జట్టులో మరో ఇద్దరికీ అదే. తామర అంటుకున్నాక పైకి కనిపించడానికి నాలుగు రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. అప్పటికి టెంట్లు పీకేసి ఉంటారు, కప్పుతో ఫొటోలు పేపర్లో వచ్చేసి ఉంటాయి. అందుకే పోటీలకూ ఈ మచ్చలకూ ఉన్న సంబంధం ఎవరి లెక్కలోకీ రాదు.

కబడ్డీ అంటేనే ఒళ్లూ ఒళ్లూ రాసుకునే ఆట. రైడర్ తొడ పట్టాలి, మడమ పట్టాలి, మీద పడి ఆపాలి. ఏడుగురు ఒకరి చేయి ఒకరు పట్టుకుని చెమటలో తడిసి ముద్దవుతారు. మోచేయి, మోకాలు చెక్కుకుపోతాయి. ఆ చెక్కుకుపోయిన చోటే చీముపొక్కుల క్రిమి దూరుతుంది. అది మ్యాట్ మీద రోజుల తరబడి బతుకుతుంది. ఇక మన మ్యాట్ల సంగతి చూడండి. పొద్దున పరుస్తారు, చీపురుతో ఒక ఊపు ఊపుతారు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చిన కాళ్లతోనే పిల్లలు మళ్లీ దాని మీదికి ఎక్కుతారు. సాయంత్రం ఆ తడి మీదే మడతేసి, విరిగిన బెంచీలున్న గదిలో పడేసి తాళం వేస్తారు. మళ్లీ తీసేది తర్వాతి పోటీలకే. తలుపు తీస్తే ఆ ముక్క వాసన పది అడుగుల దూరం వస్తుంది. ముందు దుమ్ము దులిపి, సబ్బు నీళ్లతో తుడిచి, క్రిమినాశిని రాసి, డబ్బా మీద చెప్పినంత సేపు తడిగా ఉంచి, పూర్తిగా ఆరాక మడవాలి. ఇద్దరు మనుషులకు అరగంట పని.

మాది ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డ నల్లగొండ జిల్లా. ఆ నీళ్లకు సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి శుద్ధి చేసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే బయటి దేశాలకూ తెలుసు. అలాంటి జిల్లాలో పిల్లలు పొర్లాడే మ్యాట్ కడగడానికి బకెట్టు మందు నీళ్లు దొరకవంటే నాకు బాధగా ఉంటుంది.

పోటీల రోజు పొద్దున రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర నిలబడి చూడండి. బోనఫైడ్ ఉందా, ఆధార్ జిరాక్స్ ఉందా, ఫొటో మీద హెచ్ఎం సంతకం సగం పడిందా, పుట్టిన తేదీలో తేడా ఉందా అని ఒక్కో ఫారం ముగ్గురు చూస్తారు. అవతలి జట్టువాళ్లు వచ్చి ఇంకోసారి చూస్తారు. బరువు కూడా తూస్తారు. ఆ బరువు తూచే చోటే చేతులు, కాళ్లు, మెడ, తల వెనక ఒకసారి చూడటానికి ఒక్కో పిల్లకు నిమిషం పట్టదు. ఆడపిల్లలను పరదా చాటున ఏఎన్ఎం గానీ టీచరమ్మ గానీ చూడాలి. అమెరికాలో హైస్కూల్ కుస్తీ పోటీలకు ఇది రూలు. ఒంటి మీద అనుమానం మచ్చ ఉంటే డాక్టర్ సంతకం చేసిన ఫారం లేకుండా బరిలోకి దింపరు. ఒంటి తామరకు కనీసం 72 గంటలు, తల తామరకు 14 రోజులు మందు వాడితేనే రానిస్తారు. మనకు అంత హంగామా అక్కర్లేదు, చూస్తే చాలు.

ఒక్క పిల్లను పక్కన కూర్చోబెడితే జట్టు ఓడిపోదు. పన్నెండు మందిని తీసుకెళ్తాం, ఆడేది ఏడుగురే. మిగతా ఐదుగురు ఉన్నది ఎందుకు? మచ్చ ఉన్న పిల్లను అందరి ముందూ పేరు పెట్టి పిలవకుండా, నయమయ్యాక చోటు నీదే అని ముందే చెబితే ఏ పిల్లా దాచుకోదు.

మన ఇళ్లల్లో ఆటలమ్మ పోస్తే పిల్లను గడప దాటనివ్వరు, గుమ్మానికి వేపాకు కడతారు, పొక్కులన్నీ మాడి చెక్కు కట్టేదాకా బడికి పంపరు. డాక్టర్లు చెప్పేదీ అదే. అంత బుద్ధి ఉన్న మనవాళ్లు గజ్జికి, తామరకు మాత్రం మెడికల్ షాపుకు పోయి "దురదకు ట్యూబ్ ఇవ్వు" అంటారు. అతనిచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, కింద తామర హాయిగా పాకుతుంది, తర్వాత అసలు మందుకు కూడా తొందరగా లొంగదు. ఆ స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దని కేంద్రం 2018లోనే చెప్పింది. ఎవరైనా తనిఖీ చేశారా? గజ్జి వస్తే ఇంట్లో, హాస్టల్‌లో అందరికీ ఒకే రోజు మందు రాయాలి, దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఒక్కరికే రాస్తే మళ్లీ చుట్టూ తిరిగి వస్తుంది.

జట్టంతటికీ ఒకే టవల్, ఒకే నీళ్ల బాటిల్ ఇంకా నడుస్తూనే ఉంది. 2023లో కండ్ల కలకతో బడులకు బడులు ఎర్ర కళ్లతో కూర్చున్న సంగతి అప్పుడే మరిచిపోయామా? రక్తం కారినా ఆట ఆపకుండా చేత్తో తుడిచి మళ్లీ దిగమనే రిఫరీలను నేను చూశాను. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట ఏడు రోజుల దాకా బతకగలదు. ఆట ఆపాలి, గాయం కడిగి కట్టు కట్టాలి, రక్తం పడిన చోట గ్లవుజులు వేసుకుని బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి, జెర్సీ మార్చాలి. ఇంకో జెర్సీ ఉంటే కదా మార్చడానికి!

డబ్బుల్లేవంటారు. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీలకు, శాలువాలకు, మెమెంటోలకు ఉన్నాయి. ముఖ్య అతిథి వచ్చేదాకా పిల్లలను ఎండలో వరసల్లో నిలబెట్టడానికి టైమూ ఉంది. చేతులు కడుక్కోవడానికి నల్లా ఉండదు, ఆడపిల్లలు జెర్సీ మార్చుకోవడానికి గది ఉండదు. ఎన్నో బడుల్లో పీఈటీ పోస్టే ఖాళీ. ఉన్న చోట ఆ సారుకు మధ్యాహ్న భోజనం లెక్కలు అప్పజెబుతారు, పదో తరగతి స్పెషల్ క్లాసుల పేరుతో ఆటల పీరియడ్ లాగేసుకుంటారు. మ్యాట్ గురించి ఇంక పట్టించుకునేది ఎవరు?

కొత్త పథకం ఏదీ అడగడం లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. డాక్టర్లతో బండి ఏడాదికోసారి బడికి వస్తుంది. ఆ రావడమేదో పోటీల సీజన్‌కు ముందు వచ్చేలా తేదీలు మార్చండి. దగ్గరి పీహెచ్‌సీ నుంచి ఒక ఏఎన్ఎంను బరువు తూచే టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. జోనల్ పోటీలు ముందున్నాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ డీఈఓలు, జిల్లా వైద్యాధికారులు కలిసి ఆ లోపే ఉత్తర్వు ఇవ్వాలి. ఇచ్చారో లేదో కనుక్కుని మీరు మళ్లీ వార్త రాయాలి. ఈసారి మూలన కాకుండా, అధికారి పేరుతో సహా.

— ఓ విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా