దైవశాస్త్ర పరిచయ పాఠాలు: తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతిలో మొదలైన దైవశాస్త్ర పరిచయ పాఠాల గురించి, ముఖ్యంగా "మీ ఇంటి మతం కాని మరో మతంలోని ఒక వాదాన్ని పరిశోధించండి" అన్న ప్రాజెక్టు గురించి, గేటు దగ్గర చాలా చర్చ నడుస్తోందని తెలిసింది. ఈ పాఠాల్లో మతబోధ లేదు. దేవుడి గురించి, మోక్షం గురించి ఎవరు ఏమి వాదించారో, ఏ గ్రంథం ఆధారంగా వాదించారో తెలుసుకోవడమే ఇక్కడి పని.

పరిశోధనలో నేను అన్నిటికన్నా ముందు నేర్పించాలనుకునేది పూర్వపక్షం. ఎదుటివారి వాదాన్ని వారే "అవును, మేమన్నది ఇదే" అని ఒప్పుకునేంత నిజాయితీగా చెప్పి, ఆ తర్వాతే జవాబు చెప్పాలి. శంకరులు, రామానుజులు, మధ్వాచార్యులు ఉపనిషత్తుల బోధను సూత్రాలుగా కూర్చిన ఒకే గ్రంథానికి, బ్రహ్మసూత్రాలకు, భాష్యాలు రాసి మూడు వేర్వేరు సిద్ధాంతాలు నిలబెట్టారు. క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ 1265లో మొదలుపెట్టి, 1274లో కన్నుమూసేనాటికి అసంపూర్తిగా వదిలిన మహాగ్రంథంలో, దేవుడున్నాడని నిరూపించబోయే ముందు "దేవుడు అపారమైన మంచితనమైతే లోకంలో చెడు ఎందుకుంది?" అన్న ఆక్షేపణనే మొదట పెట్టాడు. అంతటి విశ్వాసి అలా మొదలుపెట్టడం పిల్లలు చూడవలసిందే (పెద్దలమూ చూడవచ్చు).

"గీతాసారం" పేరుతో క్యాలెండర్ల మీద కనిపించే "జరిగినదంతా మంచికే" అన్న మాటలు ఏ అధ్యాయంలోనివో తేల్చడానికి ఒక విద్యార్థిని 700 శ్లోకాలూ తాత్పర్యంతో చదివింది. అవి ఏ శ్లోకానికీ అనువాదం కావని తేల్చడమే కాక, రెండో అధ్యాయంలోని 47వ శ్లోకాన్ని ("కర్మణ్యేవాధికారస్తే") పక్కన రాసి తేడా చూపింది. మరో అబ్బాయి, హదీసుకు (ముహమ్మద్ ప్రవక్త మాటలను, చేతలను తెలిపే కథనానికి) ముందు ఎవరు ఎవరి నుంచి విన్నారో చెప్పే ఇస్నాద్‌ను చార్టుగా గీసి, వాట్సాప్‌లో వచ్చే సందేశాలకు ఈ వరుస ఎందుకుండదని అడిగాడు. స్టాఫ్‌రూమ్‌లో ఆ చార్టును నేను చూపించనివారు లేరు.

మీరు చూపుతున్న శ్రద్ధకు కృతజ్ఞతలు. అయితే కొన్ని నోట్‌బుక్కుల్లోని దస్తూరి పిల్లలది కాదని గుర్తుపట్టడం మాకు పెద్ద కష్టం కాలేదు. "ఆధారం" అన్న చోట "గూగుల్" అని ఊరుకోకుండా గ్రంథం, అనువాదకులు, అధ్యాయం, పుట రాయాలి. పిల్లలు పుస్తకం తెరవకముందే ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో భోజనాల దగ్గరే తీర్పు చెప్పి పంపకుండా ఉంటే మరీ సంతోషం.

పరీక్షల టైంటేబుల్ డైరీలో అతికించాం. ఫీజు బకాయిలు నెలాఖరులోగా చెల్లించగలరు. వెనక్కి పంపిన ప్రాజెక్టులను, ఈసారి పిల్లల చేతే రాయించి, సోమవారానికి అందజేయగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు